తెల్లగా చేసి ఇచ్చేవాణ్ణి

కెమెరా రీలు కడగడం నేర్పమని ఈమధ్య చాలామంది పిల్లలు నన్ను అడుగుతున్నారు. దుబాయ్‌లో పుట్టి పెరిగిన పిల్లలు, ఫోన్ నిండా వేల ఫొటోలు ఉన్నవాళ్ళు, వాళ్ళ నాన్నల నాటి కెమెరాలు మెడలో వేసుకుని తిరుగుతున్నారు. ల్యాబ్‌లో నా డ్యూటీ ఖలాస్ అయింది. వీసా కూడా కొద్దిరోజుల్లో కాన్సిల్ అవుతుంది. వెళ్ళేలోపు ఏదైనా రాసిపెట్టమన్నారు, రాస్తున్నాను. మందుల కొలతలూ నిమిషాలూ సెకన్లూ మీకు నెట్‌లో దొరుకుతాయి. నాకంటే బాగా చెప్పేవాళ్ళు అక్కడ కుప్పలుతెప్పలుగా ఉన్నారు. వాళ్ళు చెప్పనిది ఒకటుంది. ఈ పనిలో మన చెయ్యి మనకి తెలియకుండా ఎక్కడ చెడిపోతుందో వాళ్ళు చెప్పరు. నేను అది చెప్తాను. నన్ను నేను పొగుడుకోవడానికి ఇందులో ఏమీ లేదని మొదటే చెప్తున్నా. చదివాక తిట్టుకుంటే తిట్టుకోండి.

మాది జగిత్యాల పక్కన ఒక చిన్న ఊరు. దుబాయ్ వచ్చింది కూలి పనికే. సోనాపూర్ క్యాంపులో ఉంటూ సైటు మీద పనిచేసేవాణ్ణి. భుజం జారి బరువులు ఎత్తలేకపోయాక దేరాలో ఒక ఫొటో ల్యాబ్‌లో ఊడ్చే పనికి కుదిరాను. ఊడుస్తూ ఊడుస్తూ మిషన్ దగ్గరికి జరిగాను. నా చదువు అంతే.

కరోనా తర్వాతి మొదటి రీలు

రీళ్ళు కడిగే మిషన్‌కి ఎప్పుడో గుడ్డ కప్పేశాం. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక దాని మీద టీ గ్లాసులు పెట్టుకునేవాళ్ళం. కరోనాలో షాపు మూసి, మళ్ళీ తెరిచాక ఒక వింత మొదలైంది. కుర్రపిల్లలు వచ్చి "ఫిల్మ్ డెవలప్ చేస్తారా?" అని అడగడం. మొదట్లో ముదీర్, అంటే మా మేనేజరు, నవ్వి పంపేశాడు. అడిగేవాళ్ళు పెరిగేసరికి ఒకరోజు నన్ను పిలిచి "భాయ్, ఆ మిషన్ లేపు" అన్నాడు.

మా ముదీర్ మలబారీ, కేరళవాడు. మంచివాడే. జీతం ఆపిన మనిషి కాదు, కరోనాలో మా గదులకి బియ్యం పంపించాడు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ఇకముందు అతని గురించి చెప్పేవి అంత బాగుండవు.

కొత్త మందు రావడానికి టైమ్ పడుతుందంటే, షాపు మూయకముందు మూత తీసిన డబ్బాలే వాడేశాను. వాసన చూశాను, పర్వాలేదనిపించింది. ముక్కుతో చూడాల్సిన వస్తువా అది? ఒక ఫిలిప్పీనో అమ్మాయి తన చెల్లెలి పెళ్ళి రీలు తెచ్చింది. ఊళ్ళో పెళ్ళి, విమానాలు తిరగడం మొదలవగానే వెళ్ళి తీసుకొచ్చింది. రీలు మిషన్ నించి బయటికి వస్తే బియ్యం కడిగిన కుడితినీళ్ళలా ఉంది. మనుషులున్నారో లేరో తెలీదు.

ముదీర్ రీలు పైకెత్తి చూసి, ఆ అమ్మాయితో "కెమెరాలో ప్రాబ్లమ్, మేడమ్" అన్నాడు. ఆమె నా వైపు చూసింది. నేను తలూపాను. ఆమె "సారీ" అంది, మాకు! సారీ చెప్పి వెళ్ళిపోయింది.

డబ్బాలో ఏం జరిగిందో కడిగేవాడికొక్కడికే తెలుస్తుంది. కస్టమర్‌కి తెలీదు, ముదీర్‌కి కూడా సరిగా తెలీదు. అందుకే ఈ పనిలో అబద్ధం చాలా తేలిక. తేలికగా ఉన్నప్పుడల్లా భయపడండి. నేను భయపడలేదు, ఆ సాయంత్రం హాయిగా చాయ్ తాగాను.

జర తెల్లగ కొట్టు అన్నా

ఇప్పుడు అసలు రోగం చెప్తాను. ఇది నాకు ఎక్కడ అంటుకుందో చెప్తేగాని తర్వాతది అర్థం కాదు.

క్యాంపుల నించి మనవాళ్ళు సెలవు రోజున ఫొటోలు వేయించుకోవడానికి వచ్చేవాళ్ళు. నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ నించి వచ్చినవాళ్ళు. ఇస్త్రీ చొక్కా, నల్లకళ్ళద్దాలు, ఎవరిదో కారు పక్కన నిలబడి తీసుకున్న ఫొటో. ఎండకి మొహాలు మాడిపోయి ఉండేవి. అందరూ ఒకటే మాట.

"అన్నా, జర తెల్లగ కొట్టు. గిట్లనే పంపిస్తె మా అవ్వ అన్నం ముట్టది. బొగ్గయిపోయినవ్ బిడ్డా అని ఏడుస్తది."

నాకూ అవ్వ ఉండేది. నేనూ సైటు మీద మాడినవాణ్ణే. ఫొటో ఎంత ముదురుగా రావాలో, ఎంత తేలికగా రావాలో చెప్పే బటన్ ఒకటి మిషన్‌కి ఉంటుంది. దాన్ని రెండుసార్లు నొక్కితే వాడి మొహం మీది ఎండ విరిగిపోతుంది. అవ్వ అన్నం తింటుంది. ఇందులో తప్పేముంది? అప్పుడు లేదు. ఇప్పటికీ ఆ ఫొటోల విషయంలో నాకు సిగ్గు లేదు.

అయితే ముదీర్ ఒకరోజు నా వెనక నిలబడి చూసి "సబ్‌కో గోరా కరో భాయ్, కోయీ నహీ రోయేగా" అన్నాడు. అందర్నీ తెల్లగా చెయ్యి, ఎవరూ ఏడవరు అని. అప్పటినించి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఒకటే మందు. పెళ్ళిచూపుల ఫొటో, పాప పుట్టినరోజు, వీసా ఫొటో, ఏదైనా సరే. నల్లమొహం తెరమీదికి రాగానే నా వేలు దానంతటదే బటన్ మీదికి పోయేది. కొన్నాళ్ళకి కన్ను కూడా చెడిపోయింది. నలుపు కనబడితే అది ఫొటోలో లోపం అనిపించేది. మనిషి రంగు అనిపించేది కాదు. చూస్తూ చూస్తూ మా వాళ్ళనీ నన్నూ అద్దంలో అలాగే చూడడం మొదలుపెట్టాను. ఎంత దరిద్రం చూడండి.

సువార్త తెచ్చిన రీలు

సువార్త ఫుజైరాలో నర్సు. వాళ్ళది నరసాపురం వైపు ఊరు. డ్యూటీ అయ్యాక బస్సెక్కి దేరా దాకా వచ్చింది. చేతిలో, తనతో పనిచేసే ఫిలిప్పీనో నర్సు దగ్గర కొన్న పాత కెమెరా, ఒక రీలు. నేను తెలుగువాణ్ణని తెలియగానే మొహం విచ్చుకుంది.

"అంకుల్ గారూ, ఇందులో మా అమ్మ ఉందండి. విజిట్ మీద వచ్చింది. కాస్త జాగ్రత్తగా కడగండి."

"జాగ్రత్తగనే కడుగుత సిస్టర్. గీ కాలంల ఫోన్ ఇడిచిపెట్టి రీలేంది?"

దానికి ఆమె చెప్పిన జవాబు మొత్తం విన్నాను. వినలేదని చెప్పుకోవడానికి లేదు. వాళ్ళమ్మ పేరు కరుణమ్మ. బాగా నలుపు. ఊళ్ళో చిన్నప్పటినించీ కర్రిపిల్ల, పెళ్ళయ్యాక కర్రి కరుణమ్మ. ఎవరైనా కెమెరా ఎత్తితే ఏదో ఒక పసివాణ్ణి ఎత్తుకుని మొహానికి అడ్డం పెట్టుకునేది, లేదా వంటింట్లోకి పోయేది. ఇక్కడికి వచ్చాక సువార్త ఫోన్‌లో తీసింది. ఫోన్ సంగతి మీకు తెలుసుగా, మనం చెప్పకుండానే మొహాన్ని నున్నగా తెల్లగా చేసి పెడుతుంది. ఆవిడ చూసి "ఇదెవత్తే?" అంది. ఎన్నిసార్లు తీసినా అదే మాట.

"అందుకని ఈ కెమెరా తెచ్చానండి. అమ్మా, దీనికి మాయలు తెలీవు, ఉన్నదున్నట్టే పడుద్ది అని చెప్పాను. అయితే తియ్యి అంది అంకుల్! మాయమ్మ! పమిట సర్దుకుని మరీ కూర్చుందండి. వచ్చే నెల వెళ్ళిపోద్ది. మాయమ్మది మాయమ్మలా ఉన్న ఫొటో ఒక్కటి కూడా లేదు మాకు. ఉన్నదున్నట్టు ఇవ్వండి, అంతే."

"అట్లనే అమ్మా" అన్నాను.

ఉన్నదున్నట్టు అని అందరూ అంటారు. ఇచ్చాక "ఇంత డార్క్ ఉందేంటి" అని వెనక్కి తెస్తారు. నా అనుభవం అది. ఈ అనుభవం అనేది ఉంది చూశారూ, దాన్ని నమ్ముకుంటే మనిషి చెప్పేది చెవికెక్కదు.

రీలు మాత్రం బాగా కడిగాను. కొత్త మందు, సరైన వేడి, మచ్చ లేదు. ఆ పిల్ల బాగా తీసింది. కిటికీ దగ్గర కరుణమ్మ, చేప కోస్తూ కరుణమ్మ, బైబిలు ఒళ్ళో పెట్టుకుని కరుణమ్మ, సముద్రం దగ్గర చెప్పులు చేత్తో పట్టుకుని కరుణమ్మ. మంచి మొహం. తెరమీద చూస్తూ బటన్ నొక్కాను. ఒకసారి, రెండుసార్లు. సరిపోలేదని ఇంకోసారి. ముఖం మీద ముడతలు కూడా కొంచెం తుడిచాను, ఊరికే, ప్రేమగా. నర్సమ్మ సంతోషిస్తుందనుకున్నాను. మనవాళ్ళ అమ్మాయి కదా అని డబ్బులు కూడా తక్కువ తీసుకున్నాను, అదొకటి!

ఎవర్నో ఇచ్చారు

మూడో రోజో నాలుగో రోజో మళ్ళీ వచ్చింది. యూనిఫారంలోనే ఉంది. కవరు కౌంటర్ మీద పెట్టింది.

"ఏమయింది సిస్టర్?"

"మాయమ్మ ఒక్కోటీ తీసి చూసిందండి. అన్నీ చూసింది. 'ఎవరే ఈవిడ, బాగుంది' అంది. అని లేచి వంటింట్లోకి పోయి కూర తాలింపు వేసుకుంది."

నేను ఫొటోలు చేతిలోకి తీసుకున్నాను. "బాగనే వచ్చినయ్ గదమ్మా" అన్నాను. నిజంగానే అన్నాను. సమర్థించుకుందామని కూడా కాదు, నా కంటికి అవి బాగున్నాయి.

"బాగున్నాయా లేదా అని నేను అడగలేదండి." గొంతు పెంచలేదు. రోగి దగ్గర మాట్లాడినట్టే మాట్లాడింది. "మాయమ్మని ఇమ్మన్నాను. ఎవర్నో ఇచ్చారు. ఈ కెమెరాకి మాయ తెలీదని నేను చెప్పాను కదా అంకుల్, ఇప్పుడు నేను కూడా అబద్ధం ఆడానని అనుకుంటంది. అది కూడా కాదు. ఏమందో తెలుసా? 'పోనీలేవే, ఏ మిషనూ నన్ను ఒప్పుకోదు' అంది."

ముదీర్ లోపల్నించి వచ్చాడు. విషయం ఏమిటని హిందీలో అడిగి, ఫొటోలు చూసి, "మేడమ్, మదర్ ఎంత అందంగా వచ్చిందో చూడండి, ఇంకేం కావాలి?" అన్నాడు. ఆమె అతనివైపు చూడలేదు. నావైపే చూస్తోంది. ఫిలిప్పీనో అమ్మాయి అప్పుడు చూసినట్టే. ఆరోజు తలూపినవాణ్ణి, ఈరోజు ఊపలేకపోయాను. అంతకన్నా గొప్ప పని ఏం చేయలేదు.

"నా తప్పే అమ్మా. కూసో. ఇప్పుడే మళ్ళ తీసిస్త" అన్నాను.

నెగటివ్‌లు ఉన్నాయి గనక మళ్ళీ తీశాను. బటన్ ముట్టుకోకుండా. వేలు రెండుసార్లు పోయింది, వెనక్కి లాక్కున్నాను. కాగితం మీదికి కరుణమ్మ వచ్చింది. నేను తెల్లగా చేసినప్పుడు ఆ మొహం బూడిద పూసినట్టు పాలిపోయి ఉందని, పక్కన పెట్టుకుని చూస్తే అప్పుడు కనపడింది నాకు. నల్లటి చర్మం మీద కిటికీ వెలుగు నూనె రాసినట్టు మెరుస్తోంది. కంటి కొసన నవ్వు ముడతలు. వాటినే కదా నేను తుడిచింది!

సువార్త చూసి కళ్ళు తుడుచుకుంది. "ఇదండీ మాయమ్మ" అంది. తీసుకుని వెళ్ళింది. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసింది. వాళ్ళమ్మ కవరు విప్పలేదట. "చూశాను కదే ఒకసారి. ఎన్నిసార్లు చూపిస్తావు?" అందట. బలవంతం చేస్తే కోపం వచ్చిందట.

అప్పుడు నాకు అన్నం సయించలేదు. మా ముదీర్‌తో చెప్తే "ఒక్క కస్టమర్ కోసం ఇంత ఫికర్ ఎందుకు భాయ్, యల్లా, పని చూడు" అన్నాడు. పని చూశాను. తెర మీద ప్రతి నల్లమొహం దగ్గరా చెయ్యి ఆగిపోతోంది. చివరికి నేనే సువార్తకి ఫోన్ చేశాను. సెలవు రోజున ఫుజైరా వస్తాను, మీ ఇంట్లోనే రీలు కడుగుతాను, మిషన్ లేదు, తెర లేదు, బటన్ లేదు, మీ అమ్మ కళ్ళముందే అంతా జరుగుతుంది, ఇక ఆవిడ ఎట్లా నమ్మదు అన్నాను. నా తప్పు దిద్దుకోవాలి, అదే నా ఆత్రం. ఆవిడని అడిగావా అని కూడా అడగలేదు.

ఫుజైరా

నలుపు తెలుపు రీలు, కడిగే డబ్బా, మందులు, చేతులు దూర్చి చీకట్లో రీలు ఎక్కించే నల్లసంచి, అన్నీ బ్యాగులో పెట్టుకుని కొండల మధ్య నించి బస్సులో వెళ్ళాను. మే నెల. ఇంట్లో కడగాలనుకునేవాళ్ళు ఇది రాసుకోండి. ఇక్కడ ఎండాకాలం కొళాయిలో చల్లనీళ్ళు రావు, మిద్దె మీది ట్యాంకు కాగి ఉంటుంది. గీజర్ ఆపేసి అందులో నీళ్ళు చల్లారనిచ్చి వాడుకోవాలి, అప్పటికీ ఐసు ముక్కలు కావాలి. సువార్త ఫ్రిజ్ నిండా ఐసు చేసి పెట్టింది.

హాల్లో కిటికీ పక్కన కుర్చీ వేశాను. వెలుగు ఎటు పడుతుందో చూసుకుంటున్నాను. లోపల గదిలోంచి కరుణమ్మ వచ్చింది.

మొహం నిండా పౌడరు. నుదుటి మీద వెంట్రుకల దాకా, చెవుల దాకా, దట్టంగా. మెడ దగ్గర గీత గీసినట్టు ఆగిపోయింది. సువార్త చేతిలో ఐసు గిన్నె ఉంది. అలాగే నిలబడిపోయింది.

"అమ్మా, ఏంటే అది? నువ్వెప్పుడూ రాసుకోవుగా!"

కరుణమ్మ కుర్చీలో కూర్చుని పమిట సర్దుకుంది. నావైపు చూసి, ఇంటికి వచ్చిన పరాయి పెద్దమనిషితో మాట్లాడినట్టు మర్యాదగా అంది. "మా అమ్మాయి వల్ల మీరు మాటపడ్డారంట గదా బాబుగారూ. రెండోసారి కూడా చెయ్యాల్సొచ్చిందంట. అందుకని రాసుకున్నానండి. మీకు పని తగ్గుద్ది కదా."

ఎత్తిపొడుపు ఉందేమో అని ఆవిడ కళ్ళలో వెతికాను. ఉంటే బతికిపోయేవాణ్ణి. లేదు. నిజంగా నా కష్టం గురించే బాధపడుతోంది.

"అక్కా, కడుక్కోరాదే. నాకు పనేం లేదు. నీ మొహం నీకు సూపిద్దామనే వచ్చిన" అన్నాను.

"ఉండనియ్యండి బాబుగారూ. అంత దూరం నించి వచ్చారు. కడిగితే మళ్ళీ మీరు ఇబ్బంది పడాలి."

సువార్త వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఐసు సింకులో పడేసిన చప్పుడు వినపడింది. నేను ఇంకోసారి అడిగాను. ఆవిడ నవ్వి తల అడ్డంగా ఊపింది. ఆవిడ పెద్దమనిషి, నేను బయటివాణ్ణి, మూడోసారి ఏ మొహంతో అడగను? రాసుకునేలా చేసింది నేనే, కడుక్కోమంటున్నదీ నేనే. సువార్త కెమెరా ఎత్తి తీశాను. రీలు అయిపోయేదాకా తీశాను.

సంచిలో చేతులు దూర్చి రీలు ఎక్కిస్తుంటే ఆవిడ ముందు కూర్చుని చూసింది. "గేదెకి పురుడు పోస్తున్నట్టుందండి" అంది. నాకూ నవ్వు వచ్చింది. సువార్త కూడా గుమ్మం దగ్గర నిలబడి నవ్వింది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. డబ్బా ఎప్పుడు తిప్పాలో ఆవిడే గోడగడియారం చూసి చెప్పింది. తడి రీలు బాత్రూంలో వేలాడదీశాక దగ్గరికొచ్చి చూసి, "ఇందులో అంతా తిరగేసి ఉందే" అంది. కాగితం మీద వేస్తే సరిగా వస్తుందని చెప్పాను. "అలాగా" అంది. చేపల పులుసుతో అన్నం పెట్టింది. తిన్నాను. ఏ రుచీ తెలియలేదు.

దేరాకి వచ్చి ఒకటి ఎంచి ఉన్నదున్నట్టు వేసి పంపాను. పౌడరూ, మెడ దగ్గర అది ఆగిన గీతా, అన్నీ అలాగే ఉంచాను. తుడవడం నాకు చేతనైన పనే. ఆ గీత మాత్రం ముట్టుకోలేదు.

ఆవిడ ప్రయాణం ముందురోజు సువార్త ఫోన్ చేసింది. నేను మళ్ళీ తీసిచ్చిన ఫొటోలు అమ్మ విప్పనేలేదని, అవి తన బీరువాలోనే ఉన్నాయని చెప్పింది. ఫుజైరాలో తీసింది మాత్రం చీరల మధ్య పెట్టుకుందట.

"చూడగానే ఏమందో తెలుసా అంకుల్? 'ఇది నేనేనే. పౌడరు రాసుకుంది నేనే గదా' అంది. బాగా నచ్చిందండి ఆవిడకి."

ఆ పిల్ల నా మనసు తేలిక చేద్దామనే చెప్పింది. "మంచిదమ్మా" అన్నాను. ఆ తర్వాత షాపులో ఉన్నన్నాళ్ళూ అడగకుండా ఎవరి మొహం మీదా చెయ్యి వేయలేదు. అడిగినవాళ్ళకి చేసి ఇచ్చాను, అది మీరూ చేస్తారు. అంతమాత్రాన నా లెక్క సరిపోయిందని అనుకోను. తన మొహం తనలాగే పడుతుందని నమ్మి కూర్చున్న మనిషికి పౌడరు అలవాటు చేసి ఇంటికి పంపాను.